లారీ తోలు విద్యయు, మన సంఘముల బాధ్యతయు

గ్రామమున నెవడైన ట్రాక్టరు కొనుటకై సంఘమునకు దరఖాస్తు పెట్టుకొన్నచో పాలకవర్గమువారు భూమి పట్టాలు చూతురు, హామీదారులను పిలిపింతురు, కంపెనీవా రిచ్చిన ధరల కాగితమును తిరుగవేసి మరుగవేసి పరీక్షింతురు. ఆ ట్రాక్టరును తోలువాడెవ్వడు, వానికి లైసెన్సు కలదా, వాడెచ్చట నేర్చెను అని యడిగిన పాలకవర్గమును మే మింతవరకు చూచి యుండలేదు. లక్షల రూపాయల యంత్రమునకు ఋణ మిచ్చుచు, దానిని నడపు మనుష్యునికి విద్య నేర్పించుటకు కావలసిన కొద్ది వేల విషయమున నూరకుండుట మనకు వాడుకయై పోయినది. ఈ వాడుక రైతునకు నష్టకరమని మా యభిప్రాయము.

మన పల్లెల యువకులు లారీలమీదికి పోవుట క్రొత్త గాదు. కొల్లేటి ప్రాంతపు చెరువులలోని చేప మంచుగడ్డల నడుమ కూరబడి బెంగాలునకును అస్సామునకును పోవుచున్నది. గుంటూరు యార్డు నుండి మిరప టిక్కీలును, నూజివీటి మామిడియు, అనంతపురపు అరటియు దూరపు బజారులకు చేరుచున్నవి. ఈ సరుకును మోయు లారీలో చక్రము పట్టి కూర్చున్నవాడు పెక్కుచోట్ల మన రైతు కొడుకే, లేదా మన కూలివాని కొడుకే. రెండెకరములు నలుగురన్నదమ్ములు పంచుకొన్న పిదప కడగొట్టువానికి మిగులునది స్టీరింగు చక్రమే యని రైతులే యనుచుందురు.

ఆ చక్రము వాని చేతికి వచ్చు త్రోవ యెట్టిదో చూడుడు. బడి మానిన పిల్లవాడు క్లీనరుగా చేరును. అద్దములు తుడుచును, టైర్లు కొట్టి చూచును, మోకులు బిగించును, త్రోవలో అన్నము వండును. ఏడాదియో రెండేండ్లో గడచిన తరువాత ఒకనాటి రాత్రి త్రోవ నిర్మానుష్యముగ నున్నవేళ, నిద్ర కాగలేని డ్రైవరు వానిని తన స్థానమున గూర్చుండబెట్టి తాను వెనుక బల్లపై నొరగును. అదియే వాని మొదటి పాఠము. గురువు నిద్రించుచుండును; వెనుక పది, పదునైదు టన్నుల సరుకుండును. ఇట్లు కొంతకాలము జరిగిన పిమ్మట దళారి యొకడు సొమ్ము పుచ్చుకొని లైసెన్సు చేయించి పెట్టును. పల్లెలలో ఎవ్వరును లైసెన్సు సంపాదించితి ననరు. చేయించుకొంటి ననియే యందురు.

క్లీనరు చదువును బొత్తిగా నిందించుట మాకు సమ్మతము గాదు. ఇనుప కడ్డీతో టైరును కొట్టి, ధ్వనినిబట్టి గాలి తగ్గినదో లేదో చెప్పగల నేర్పును ఏ పాఠశాలయు నేర్పదు. గడ్డి లోడునకు మో కెట్లు వేయవలెనో, వాన పడునప్పుడు పట్టా ఏ ప్రక్క ముందు లాగవలెనో, ఇంజను మ్రోతలోని చిన్న తేడా దేనికి గుర్తో వానికి తెలియును. ఐతే మంచితోబాటు గురువుగారి దురభ్యాసములును శిష్యునికి సంక్రమించును. వానిలో నెల్ల ప్రమాదకరమైనది, డీజిలు మిగులునని పల్లమున గేరు తీసి బండిని వదలివేయుట. గేరులో నున్నంతవరకు ఇంజనే బండిని వెనుకకు పట్టుచుండును. గేరు తీసినచో బరువంతయు బ్రేకులమీద పడును. అవి కాగి కాగి పట్టు విడుచును. ఇంజనునుగూడ ఆపివేసినచో బ్రేకులకు గాలి నందించు యంత్రము ఆగిపోవును. మిగిలిన గాలి నాలుగైదుసార్లు పెడలు త్రొక్కుటతో ఖర్చగును. అటుపిమ్మట నాతడు చేయగలిగినది చాల తక్కువ.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. మోటారు వాహనముల చట్టము దేశమంతటికిని 1914లో మొదట వచ్చెను. 1939లో క్రొత్తది చేయబడెను. ఇప్పటిది 1988 నాటిది, 1989 జూలై 1 మొదలు అమలులోనికి వచ్చెను. దీని ప్రకారము 18 ఏండ్లు నిండినవానికి తేలిక వాహనపు లైసెన్సు దొరకును. అది చేత నుండి ఒక సంవత్సరమైన గడువవలెను. రవాణా వాహనమును తోలుటకు 20 ఏండ్లు నిండవలెను. అప్పుడు లెర్నరు లైసెన్సు తీసి, శిక్షణ పొంది, పాఠశాలవారి యోగ్యతాపత్రమును వైద్యుని పత్రమును జతపరచి పరీక్షకు పోవలెను. లైసెన్సు ఐదేండ్ల కొకసారి పునరుద్ధరించుకొనవలసి యుండును. లారీ తోలదలచిన కుఱ్ఱవానికి 18వ యేటనే తేలిక లైసెన్సు తీయించని తలిదండ్రులు, 20వ యేట వచ్చి తొందరపడిన ప్రయోజనములేదు. ఇంకొక యేడాది యాగవలసినదే. నిమ్మ నాటిన యేడే కాయ కావలెనన్న నెట్లు?

వైద్యుని పత్రమనగా సంతకము మాత్రమే యని తలంచువారు కలరు. 25 మీటర్ల దూరమున నున్న బండి నంబరును పగటి వెలుతురున చదువగలుగుట, ఎఱుపును ఆకుపచ్చను వేరుపరుపగలుగుట అందు పరీక్షింపబడవలసిన విషయములు. కంటిలో పొర వచ్చిన యెద్దును సంతలో కొనుటకు మనము వెనుదీయుదుము గదా.

పూర్వము రవాణా లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదువు కావలెనను నియమముండెడిది. 2019లో దానిని తీసివేసిరి. ఇది మేలే యని మా యభిప్రాయము. పేదరికముచేత బడి మానిన కూలివాని కొడుకునకు తలుపు తెరచుకొన్నది. ఐతే చదువు అక్కఱలేదన్నంతమాత్రమున పాఠ మక్కఱలేదని యర్థము గాదు. నియమముల ప్రకారము రవాణా వాహనపు శిక్షణ 30 దినములకు తక్కువ గాకుండవలెను. అందు స్వయముగా చక్రము పట్టి తోలు కాలము 15 గంటలకు తగ్గరాదు. పాఠ్యక్రమములో ప్రథమ చికిత్స కలదు, అగ్నిప్రమాదములు కలవు, బండి మరమ్మతు కలదు, పౌరులతో మర్యాదగ వర్తించుట సహితము కలదు. 2021లో వచ్చిన క్రొత్త నియమముల ననుసరించి గుర్తింపు పొందు శిక్షణ కేంద్రములలో భారీ వాహనముల పాఠము ఆరు వారములలో 38 గంటలు. అట్టి కేంద్రమునకు రెండెకరముల స్థలము, పరీక్షా మార్గము, కదలని బండిలో తోలుట నేర్పు యంత్రము ఉండవలెను. అచ్చట నుత్తీర్ణుడైనవానికి రవాణా కార్యాలయమున మరల తోలి చూపు పరీక్ష లేదు. తెలంగాణమున సిరిసిల్ల సమీపమునందలి మండేపల్లిలో ప్రభుత్వమును అశోక్ లేలాండు సంస్థయు కలిసి డ్రైవర్ల శిక్షణాలయమును నెలకొల్పిరి.

మన తాలూకా పట్టణములలోని పాఠశాలలలో మంచివియు కలవు. కాని కొన్నిచోట్ల మేము చూచిన తీరు వేరు. ఒక పాత లారీ, ఒక బోధకుడు, ఎనమండుగురు శిష్యులు. ఒక్కొక్కడు పావుగంట తోలి దిగును. లారీ ఎల్లప్పుడు ఖాళీగనే యుండును; ఎల్లప్పుడు చదునైన బైపాసు రోడ్డుమీదనే తిరుగును. ముప్పది దినములకు పుస్తకములో సంతకములు పడును. పదునైదు గంటల లెక్క కాగితముమీద సరిపోవును. ఇట్టి పాఠశాలకు రుసుము కట్టుటకంటె క్లీనరు చదువే నయమని ఎవరైన వాదించినచో మేము గట్టిగ ఖండింపజాలము. కావుననే రుసుము చెల్లించువాడు ఏమి నేర్చుకొనవలెనో ముందుగ తెలిసికొని యుండవలెను.

పెద్ద లారీలయందు బ్రేకులు గాలితో పనిచేయును. ఉదయము ఇంజను వేసిన పిమ్మట గాలి ముల్లు తగినచోటికి వచ్చువరకు బండి కదల్పరాదు. మలుపులో వెనుక చక్రములు ముందు చక్రముల జాడను నడువవు. లోపలి ప్రక్కకు కోసికొని పోవును. ఎడమకు తిరుగు లారీ ప్రక్కన సైకిలువాడు నలిగిపోవుటకు ముఖ్యకారణ మిదియే. డ్రైవరునకు తన యెడమ ప్రక్కనను, బానెట్టు ముందరను, వెనుకను కొంత మేర యేమియు కనబడదు. ఆ కనబడని మేర యెంతో ప్రతి శిష్యుని దింపి, బండి చుట్టు నడిపించి చూపవలెను. విడి పత్తి, వరిగడ్డి వంటి ఎత్తయిన లోడున్న బండి ఖాళీ బండివలె మలుపు తిరుగదు. తూకము తక్కువే కదా యని వేగముగ త్రిప్పినచో బోల్తాపడును. మారేడుమిల్లి, అనంతగిరి, శ్రీశైలము ఘాట్లలో ఏ గేరుతో ఎక్కగలమో ఆ గేరుతోనే దిగవలెననునది పాత డ్రైవర్ల సూత్రము. అది నేటికిని నిలిచియున్నది. ఇరుకు చోట ఎక్కు బండికి దిగు బండి త్రోవ నీయవలెను. ఇవన్నియు లోడు వేసిన బండితో, రాత్రి వేళను, వానలోను ఒక్కొకసారియైన చేయించిన పాఠశాలయే పాఠశాల. ఖాళీ లారీని వెనుకకు నడిపినవానికి లోడు లారీని వెనుకకు నడుపుట వచ్చినదనుకొనరాదు.

లారీమాట యటుండగా, ట్రాక్టరు విషయము మనకు మరింత దగ్గఱిది. నాగళ్ళును విత్తన గొఱ్ఱులును చూపుటకు పొలములకు పోవునప్పుడు మేము మొదట చూచునది బ్రేకు పెడళ్ళను. ట్రాక్టరునకు కుడి చక్రమున కొకటి, ఎడమ చక్రమున కొకటి వేరువేరుగ పెడళ్ళుండును. సాలు చివర బిగువుగ మళ్ళించుటకు ఒక ప్రక్క త్రొక్కుట పొలములో నుపకరించును. రోడ్డెక్కునప్పుడు ఆ రెండింటిని కలుపు గొళ్ళెమును వేయవలెను. వేయక వేగముగ పోవుచు ఒక పెడలు త్రొక్కినచో ఒక చక్రము పట్టును, రెండవది పట్టదు. ట్రాక్టరు గిరుక్కున తిరుగును, ట్రక్కు దానిపై కెక్కును. గొళ్ళె మెందుకున్నదో తెలియక తీసి పారవేసిన యిండ్లు మేము చూచితిమి. ట్రక్కునకు తరచు బ్రేకే యుండదు. పల్లమున నది ముందరి ట్రాక్టరును నెట్టుచుండును. వెనుక ఎఱ్ఱని మెఱుపు పట్టీలు లేని ట్రక్కును రాత్రివేళ హైవే ప్రక్కన నిలుపుట మోటారు సైకిలుమీద వచ్చువానికి గోతిని త్రవ్వి పెట్టుటతో సమానము.

ఈ లైసెన్సు కాగితము కొఱకింత రభస యేల యని యడుగు రైతులకు బీమా విషయమును విన్నవింతుము. ప్రమాదమున నొకరు మరణించినచో ట్రిబ్యునలు పరిహారము విధించును. తోలినవానికి తగిన లైసెన్సు లేదని రుజువైనచో బీమా సంస్థ ముందు చెల్లించి, తరువాత ఆ సొమ్మును బండి యజమాని యొద్ద రాబట్టుకొనునట్లు కోర్టులు ఉత్తరువు లిచ్చుచున్నవి. ఈ మార్గమును 2004లో స్వరణ్ సింగు కేసులో సుప్రీముకోర్టు వివరించెను. యజమాని తగిన జాగ్రత్త తీసికొనెనా లేదా యనునది అందు ముఖ్యవిషయము. రాబట్టుట యనగా రైతు విషయమున నేమి? పొలము. బీమా రుసుము ఏటేట తప్పక కట్టినవాడు సైతము, పక్కింటి కుఱ్ఱవానికి తాళమిచ్చిన దోషమునకు ఎకరములు పోగొట్టుకొనవచ్చును. సరుకుల బండిలో ఊరక యెక్కించుకొన్నవారి విషయమున బీమా సంస్థకు బాధ్యత లేదని 2002లో అదే కోర్టు చెప్పినది. మిరప కోతకు కూలీలను ట్రక్కులో నింపి పంపు ప్రతి రైతును ఇది గుర్తుంచుకొనవలెను. ఇక పిల్లలకు బండి యిచ్చువారి సంగతి: 2019 సవరణ ననుసరించి పదునెనిమిదేండ్లు నిండనివాడు తోలి నేరము చేసినచో సంరక్షకునికిని యజమానికిని మూడేండ్ల వరకు చెఱయు, 25,000 రూపాయల జరిమానాయు కలవు, బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దగును, ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. లారీ తోలి బ్రతుకదలచినవాని కది యేడెనిమిదేండ్ల యన్నము.

చట్టము కొన్నియెడల రైతునకు వెసులుబాటునుగూడ నిచ్చినది. ట్రాక్టరు లైసెన్సు గలవాడు ట్రక్కు తగిలించినంత మాత్రమున అనర్హుడు కాడని 2001లో తీర్పు వచ్చెను. మొత్తము బరువు 7,500 కిలోలు దాటని సరుకుల బండిని తేలిక వాహనపు లైసెన్సుతోనే తోలవచ్చునని 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నిర్ణయించెను. చిన్న బండ్లతో కూరగాయలు మార్కెట్టునకు వేయువారి కిది గొప్ప మేలు. కాని మామూలు కారు తోలుట వచ్చినవాడు ఏడు టన్నుల బండిని తోలుట నేర్చినట్లు కాదు. తీర్పు వచ్చినదని శిక్షణ మానుకొనుట తెలివితక్కువ.

స్త్రీల మాట యెత్తగనే నవ్వువారు కలరు. నల్లగొండ జిల్లా నుండి పోయిన యొక యువతి 2015లో ఢిల్లీ రవాణా సంస్థయందు మొదటి మహిళా బస్సు డ్రైవరుగ చేరెను. పొదుపు సంఘముల స్త్రీలు పాలబండి నేర్చుకొందుమని యడిగినచో సంఘము వారికిని పురుషులకును భేదము చూపరాదు.

ఇక మన సంఘములు చేయదగినదానికి వత్తము. సంఘము తన సొంత ట్రాక్టరును గాని, సభ్యునికి ఋణముపై నిచ్చిన ట్రాక్టరును గాని తోలువాని లైసెన్సు నంబరును, గడువును ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. రవాణా శాఖవారి ‘సారథి’ యను కంప్యూటరు పద్ధతిలో నంబరు వేసి చూచినచో అది నిజమైనదో కాదో నిమిషములో తేలును. యజమాని జాగ్రత్త తీసికొనెనా యని రేపు కోర్టులో ప్రశ్న వచ్చినప్పుడు ఆ పుస్తకమే రైతు పక్షమున మాటలాడును.

రెండవది శిక్షణ ఋణము. 2023 జనవరిలో కేంద్ర సహకార శాఖవారు పంపిన ఆదర్శ నియమావళి ప్రాథమిక సంఘములు వ్యవసాయ ఋణములు మాత్రమే గాక పాతికకు మించిన యితర కార్యములను చేపట్టుటకు త్రోవ చూపినది. తమ నియమావళిలో నిట్టి ఋణమునకు చోటున్నదో లేదో, లేనిచో నెట్లు సవరింపవలెనో సంఘములవారు అధికారులతో ముచ్చటింపవలెను. ఋణమును కుఱ్ఱవాని చేతికి గాక పాఠశాలకే చెల్లించుట మేలు. సగము చేరునప్పుడు, మిగిలిన సగము శిక్షణ ముగిసిన పిదప. రెండవ సగము చెల్లించుటకు ముందు పాలకవర్గమునుండి ఒకరు పోయి, లోడు వేసిన లారీని వాడు వెనుకకు నడిపి చూపగా కన్నులార చూచి రావలెను. ఇందువలన ఎనమండుగురికి పావుగంట చొప్పున తిప్పు పాఠశాలలు దారికి వచ్చునని మా నమ్మకము.

భూమి హామీ లేనివానికి ఋణమెట్లని కార్యదర్శులు తప్పక ఆక్షేపింతురు. ఈ ఋణ మెవనికి ఎక్కువ కావలెనో వానికే భూమి లేదు, అదియే చిక్కు. భూస్వామి కొడుకునకు మాత్రమే దొరకునట్టిదైనచో ఈ పథకము పెట్టకుండుటయే మేలు. ఇద్దరు సభ్యుల జామీనుపై, కూలివాని కొడుకును సభ్యునిగ చేర్చుకొని, ఉద్యోగము దొరకిన మూడవ నెలనుండి వాయిదాలు మొదలగునట్లు ఏర్పాటు చేయవచ్చును. జీతము నెలనెల వచ్చువాని ఋణము వానమీద నాధారపడిన ఋణముకంటె బలహీనమైనదని మేము తలంపము.

సరుకు పంపువారముగ మనకొక పనియు కలదు. దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని ప్రభుత్వపు లెక్క. మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లోనే దినమునకు ఎనిమిది గంటల పని యని విధించి యుండెను. చేప లారీ ఫలానా గంటకు చేరకున్న కిరాయిలో కోత యని షరతు వ్రాయించునప్పుడు ఆ యెనిమిది గంటల మాట మన కెవ్వరికిని జ్ఞప్తికి రాదు. పరిమితికి మించి లోడు వేయించినచో జరిమానా 20,000 రూపాయలతో మొదలై, మించిన ప్రతి టన్నునకు 2,000 చొప్పున పెరుగును. తోలినవాడే గాక తోలించినవాడును అందుకు గురికావచ్చును. సంఘము పేర సరుకు పోవునపుడు దూరప్రయాణమునకు ఇద్దరు లైసెన్సు గల డ్రైవర్లుండవలెనని కిరాయి పత్రములోనే వ్రాయించవలెను. కిరాయి కొంత పెరుగును. పెరిగినంత సభ్యులపై పంచవలసినదే.

రాబోవు మహాజన సభలో లైసెన్సు పుస్తకమును గూర్చియు, శిక్షణ ఋణమును గూర్చియు తీర్మానములు చేసిన సంఘములవారు వాని నకళ్ళను ఈ పత్రికకు పంపినచో ప్రకటింతుము. నిరాకరించినవారును తమ కారణములు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.